నూట అయిదేళ్ల వయసులో సైకిలు పందెం!

వయసు మళ్లినవారికీ ప్రపంచ పోటీలు - ఫ్రాన్సు వృద్ధుడి ఆదర్శం

మన ఊళ్లకు ఒకప్పుడు సైకిలు తొక్కేవాళ్లు వచ్చేవారు. ఊరి నడిమధ్య ఖాళీ జాగాలో గుంజ పాతి, చుట్టూ ట్యూబులైట్లు కట్టి, మైకు పెట్టేవారు. ఆ మనిషి వారం పది రోజులపాటు కాలు కింద పెట్టకుండా గుండ్రంగా తిరుగుతూనే ఉండేవాడు. స్నానం సైకిలు మీదే, భోజనం సైకిలు మీదే. ఆఖరి రోజున ఊరివాళ్లు నోట్లు తెచ్చి అతడి చొక్కాకు గుచ్చేవారు. నలభై, యాభై ఏళ్లు దాటిన పాఠకులకు ఆ దృశ్యం గుర్తుండే ఉంటుంది.

అతడు తిరిగింది పొట్టకూటి కోసం. అలాగే గుండ్రంగా తిరుగుతూ, జీతం కోసం కాకుండా సరదా కోసం, పంతం కోసం పోటీపడేవారు కూడా ప్రపంచంలో ఉన్నారు. వారిలో అరవై, డెబ్బై, ఎనభై ఏళ్లవారు ఉన్నారంటే చాలామంది నమ్మరు. ఇక నూట అయిదేళ్ల మనిషి ఒకరు ఆ పని చేశారంటే ముక్కున వేలేసుకోవలసిందే.

2017 జనవరి 4వ తేదీన పారిస్ నగరానికి దగ్గరలో ఉన్న ఫ్రాన్సు జాతీయ సైకిలు మైదానంలో ఈ వింత జరిగింది. అయిదడుగుల ఎత్తు, 52 కిలోల బరువు ఉన్న ఒక పొట్టి ముసలాయన సైకిలెక్కి, సరిగ్గా గంటసేపు ఆగకుండా తొక్కారు. గంట పూర్తయ్యేసరికి ఆయన వెళ్లిన దూరం 22 కిలోమీటర్ల 547 మీటర్లు. చూడవచ్చిన జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆయన పేరు రాబర్ట్ మార్షాన్. పుట్టింది 1911 నవంబరు 26న. అంటే మొదటి ప్రపంచ యుద్ధం ఇంకా మొదలు కాలేదు.

ఇంకా విశేషం ఏమిటంటే, దిగిన తరువాత ఆయన ఇంకొంచెం దూరం వెళ్లగలిగేవాడినని నొచ్చుకున్నారు. ఇక పది నిమిషాలే ఉందని చూపించిన పలకను తాను గమనించలేదట. గమనిస్తే చివర్లో వేగం పెంచేవాడినని విలేకరులతో అన్నారు.

బ్రేకులు లేని సైకిలు

ఈ పందెం జరిగే మైదానాన్ని వెలోడ్రోమ్ అంటారు. ఇది కోడిగుడ్డు ఆకారంలో ఉండే బాట. పెద్ద పోటీలకు వాడే బాట చుట్టుకొలత 250 మీటర్లు. నున్నటి చెక్క పలకలు పరచి ఉంటాయి. మలుపుల దగ్గర బాట లోపలివైపుకు బాగా వాలి ఉంటుంది. తిరునాళ్లలో కర్రల బావిలో మోటారు సైకిలు తిప్పే ఆట చూసినవారికి ఈ వాలు తేలిగ్గా అర్థమవుతుంది. అంత నిట్టనిలువు కాదుగాని, నడిచి ఎక్కాలంటే మాత్రం కాలు జారుతుంది. వేగంగా పోయే సైకిలు మలుపులో బయటికి విసిరేసినట్లు పోకుండా ఈ వాలు కాపాడుతుంది.

సైకిలు కూడా మన సైకిలు లాంటిది కాదు. మనం తొక్కడం ఆపినా చక్రం తిరుగుతూనే ఉంటుంది. వెనక చక్రానికి బిగించిన ఫ్రీవీలు చలవ అది. ట్రాకు సైకిలుకు ఫ్రీవీలు ఉండదు. చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరగవలసిందే, పెడల్ తిరిగినంతసేపూ కాలు ఆడవలసిందే. దిగుడులో కాళ్లు ఊరికే పెట్టుకుని హాయిగా జారిపోయే సుఖం ఇక్కడ లేదు.

అన్నిటికన్నా ఆశ్చర్యం, దీనికి బ్రేకులు ఉండవు. అదేమి చోద్యం అనిపించవచ్చు. కారణం ఉంది. పందెంలో ఒకరి వెనక ఒకరు జానెడు, బారెడు ఎడంలో దూసుకుపోతుంటారు. ముందున్నవాడు ఉన్నట్టుండి బ్రేకు నొక్కితే వెనకవాళ్లంతా ఒకరి మీద ఒకరు కుప్పగా పడతారు. అందుకే వేగం తగ్గించాలంటే తిరిగే పెడల్‌ను కాలితో నిదానంగా అదిమి పట్టాలి. లేకపోతే వాలు పైకి ఎక్కించాలి.

దూరం కొలవడానికి బాట లోపలి అంచుకు 20 సెంటీమీటర్ల పైన నల్లగీత ఒకటి గీసి ఉంటుంది. ఆ గీతను వదిలి పైకి పోయినకొద్దీ దూరం వృథా. కనుక గంటసేపూ చూపు ఆ గీత మీదే ఉండాలి. మార్షాన్ ఆ రోజు తొంభై చుట్లు తిరిగారు. చుట్టుకు రెండు మలుపుల చొప్పున నూట ఎనభై మలుపులు. ఒక్క మలుపులోనూ కాలు ఆపే వీలు లేదు.

మన హైదరాబాదులో కూడా 2002 జాతీయ క్రీడల సందర్భంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో వెలోడ్రోమ్ నిర్మించారు. ఢిల్లీలో 2010 కామన్వెల్త్ క్రీడలకు చెక్క బాట వేశారు. కనుక ఈ ఆట మనకు బొత్తిగా తెలియనిదేమీ కాదు.

ఏ వయసు వారికి ఆ పందెం

ముప్పై అయిదేళ్లు నిండినవారి కోసం జరిగే పోటీలను మాస్టర్స్ పోటీలు అంటారు. సైకిలు క్రీడకు ప్రపంచ స్థాయిలో పెద్దదిక్కు అయిన అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య వీటిని జరుపుతుంది. ఇంగ్లండులోని మాంచెస్టరు, అమెరికాలోని లాస్ ఏంజెలిస్ వంటి చోట్ల ఈ ప్రపంచ పోటీలు జరిగాయి.

ఇందులో పాటించే పద్ధతి మెచ్చుకోదగింది. అయిదేసి ఏళ్లకు ఒక జట్టుగా విడదీస్తారు. 35 నుంచి 39 వరకు ఒక విభాగం, 40 నుంచి 44 వరకు మరొకటి. అలా పైకి పోతుంది. అరవై రెండేళ్ల మనిషి ముప్పై ఏళ్ల కుర్రవాడితో పోటీ పడనక్కరలేదు. తన ఈడువారితో పడితే చాలు. కొన్ని పందేలలో పెద్ద వయసువారికి దూరం కూడా తగ్గిస్తారు. ఆడవారికి వేరే విభాగాలు ఉన్నాయి. గెలిచినవారికి పడుచువాళ్ల ప్రపంచ విజేతలకు ఇచ్చినట్లే ఇంద్రధనుస్సు చారల బనీను తొడుగుతారు.

దీనివల్ల ఒక తమాషా జరుగుతుంది. మామూలుగా అరవయ్యో ఏడు వస్తోందంటే మనిషి దిగులుపడతాడు. ఈ పోటీదారులు మాత్రం ఎదురుచూస్తారు. యాభై తొమ్మిదేళ్లవాడు తన విభాగంలో అందరికన్నా పెద్దవాడు. ఏడాది తిరిగి అరవైలోకి అడుగు పెట్టగానే పై విభాగంలో అందరికన్నా చిన్నవాడు! వయసు పెరగడం లాభసాటిగా ఉండే చోటు లోకంలో ఇదొక్కటేనేమో.

అయితే వీరిలో ఎక్కువమంది ఉద్యోగమో, వ్యాపారమో చేసుకుంటూ, ఉదయం సాయంత్రం వీలు చూసుకుని సాధన చేసేవారే. ప్రయాణ ఖర్చు, సైకిలు ఖర్చు చాలావరకు సొంత జేబులోంచే. వయసు పేరు చెప్పి నిబంధనలు సడలించరు. మత్తు, ఉత్ప్రేరక మందుల పరీక్షలు వీరికీ ఉంటాయి.

పొట్టివాడివి, పనికిరావన్నారు

మార్షాన్ పుట్టుకతో చాంపియన్ కాదు. కుర్రతనంలో సైకిలు పందేల మీద మోజుపడితే, ఆయన ఉన్న క్లబ్బు పెద్ద ఒకరు నిరుత్సాహపరిచారు. సైకిలుతో నీవు సాధించేదేమీ లేదు, మానెయ్యమన్నారు. ఆ మాటతో ఆయన బతుకు వేరే దారి పట్టింది.

1930లలో పారిస్‌లో అగ్నిమాపక దళంలో పనిచేశారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1940ల చివర్లో దక్షిణ అమెరికాలోని వెనిజులాకు వలసపోయి లారీ తోలారు. ఆపైన కెనడాలో అడవిలో చెట్లు నరికే పని చేశారు. 1960లలో స్వదేశానికి తిరిగివచ్చి దొరికిన పనల్లా చేసుకుని బతికారు. తోటపని చేశారు, సారా ద్రాక్ష సరుకు అమ్మారు. కార్మిక సంఘంలో చిరకాలం సభ్యుడిగా ఉన్నారు. ఈ గొడవలో ఆటపాటలకు తీరిక ఎక్కడిది?

మళ్లీ సైకిలు ముట్టుకునేసరికి ఆయనకు అరవై ఏడో, అరవై ఎనిమిదో ఏళ్లు. మన దగ్గరైతే షష్టిపూర్తి అయి ఏడెనిమిదేళ్లు గడిచి, కొడుకులకు పెత్తనం అప్పగించి అరుగెక్కే వయసు. ఆయన అప్పుడు మొదలుపెట్టారు. బోర్డో నుంచి పారిస్‌కు, పారిస్ నుంచి రుబే పట్టణానికి దూరప్రయాణపు పందేలలో పాల్గొన్నారు. 1992లో, మనవాళ్లు సహస్ర చంద్రదర్శన శాంతి జరిపించుకునే ఈడులో, పారిస్ నుంచి మాస్కో వరకు సైకిలు మీద వెళ్లారు. అది రెండున్నర వేల కిలోమీటర్లకు పైబడిన దారి.

వందేళ్లు నిండినవారికి గంట పందెంలో విభాగమే ఉండేది కాదు. ఉండవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. ఆయన కోసమే ఆ విభాగం పెట్టవలసి వచ్చింది. అలాగే 2017లో 105 ఏళ్లు దాటినవారి విభాగం కూడా.

వయసు పెరిగింది, దూరమూ పెరిగింది!

ఇక్కడ పాఠకులు కొన్ని అంకెలు గమనించాలి. 2012 ఫిబ్రవరిలో స్విట్జర్లాండులోని ఏగ్ల్ పట్టణంలో, వందేళ్ల వయసులో, ఆయన గంటలో వెళ్లిన దూరం 24 కిలోమీటర్ల పైన పావు. అదే ఏడాది సెప్టెంబరులో ఫ్రాన్సులోని లియోన్‌లో 100 కిలోమీటర్ల దూరాన్ని 4 గంటల 17 నిమిషాల 27 సెకన్లలో పూర్తి చేశారు. 2014 జనవరి చివరి రోజున మళ్లీ గంట పందేనికి దిగారు. అప్పటికి ఆయనకు 102 ఏళ్లు. ఈసారి గంటలో దాదాపు 27 కిలోమీటర్లు వెళ్లారు. మన లెక్కలో గుంటూరు నుంచి తెనాలికి రమారమి అంత దూరం.

అంటే వందేళ్ల తరువాత మరో రెండేళ్లు మీద పడితే, వేగం తగ్గవలసిందిపోయి రెండున్నర కిలోమీటర్లకు పైగా పెరిగింది!

ఇది గాలివాటం కాదు. ఫ్రాన్సుకు చెందిన వెరోనిక్ బిల్లా అనే శరీరధర్మ శాస్త్రవేత్త, ఆమె సహచరులు 101 నుంచి 103 ఏళ్ల వయసు మధ్య ఆయనను పరీక్షించి, ఫలితాలను 2017లో ప్రకటించారు. మనిషి పూర్తి బలంతో శ్రమించేటప్పుడు ఒంట్లో ప్రతి కిలో బరువుకు నిమిషానికి ఎంత ప్రాణవాయువును వాడుకోగలడో కొలుస్తారు. అది మార్షాన్‌కు 31 మిల్లీలీటర్ల నుంచి 35కు పెరిగింది. అంటే నూటికి 13 వంతులు. ఆయన కాళ్లు పుట్టించగలిగిన గరిష్ఠ శక్తి 90 వాట్ల నుంచి 125 వాట్లకు చేరింది. అంతకుముందు నూరు వాట్ల బల్బు వెలిగించలేని కాళ్లు, రెండేళ్ల తరువాత దాన్ని వెలిగించి పాతిక వాట్లు మిగిల్చాయన్నమాట. నిమిషానికి పెడల్ తిప్పగల చుట్లు 69 నుంచి 90కి పెరిగాయి. గుండె కొట్టుకునే గరిష్ఠ వేగం మాత్రం దాదాపు మారలేదు. నిమిషానికి 134 ఉండేది 137 అయింది, అంతే.

వయసు మీరినకొద్దీ ఈ శక్తులన్నీ తగ్గుతూ పోవడమేగాని పెరగడం ఉండదని సామాన్యంగా అందరి నమ్మకం. ఒక్క మనిషి మీద జరిగిన పరీక్షతో లోకమంతటికీ సూత్రం కట్టలేం. కాని వందేళ్లు దాటిన ఒళ్లు కూడా సాధనకు లొంగుతుందని చెప్పడానికి ఈ ఒక్క సాక్ష్యం చాలదా?

నిదానమే ప్రధానం

ఆయన చేసిన సాధన ఏమిటి? ఆ రెండేళ్లూ ఏడాదికి 5,000 కిలోమీటర్ల చొప్పున సైకిలు తొక్కారు. రహస్యమంతా తొక్కిన తీరులో ఉంది. నూటికి ఎనభై వంతులు తేలికగా, ఆయాసం లేకుండా తొక్కారు. మిగిలిన ఇరవై వంతులు మాత్రమే ఒళ్లు కష్టపెట్టి తొక్కారు. రోజూ ప్రాణం మీదికి తెచ్చుకునేలా తొక్కలేదు. అలాగని రోజూ షికారుగానూ వదిలిపెట్టలేదు. చలి ఎక్కువగా ఉంటే బయటికి పోకుండా, ఇంట్లో కదలకుండా బిగించిన సైకిలు మీద కసరత్తు చేసేవారు.

తిండి విషయం అడిగేవారు ఉంటారు. పండ్లు, కూరగాయలు బాగా తినేవారు. పొగతాగే అలవాటు లేదు. ద్రాక్షసారా ఎప్పుడైనా కొద్దిగా. రాత్రి తొమ్మిదికి పడక, పొద్దున ఆరింటికి లేవడం. పారిస్ శివారులో చిన్న ఇంట్లో, చిన్న పింఛను మీద బతికారు. 2017 పందేనికి ముందు నెలరోజులపాటు మాంసం మానేశారు. జంతువులను హింసిస్తున్నారన్న వార్తలు విని మనసు చెదిరి మానేశారట. అలా మానకపోతే ఇంకా వేగంగా పోయేవారని శిక్షణ ఇచ్చిన మిత్రుడు నొచ్చుకున్నారు.

వయసు మాటా వినాలి

ఈ కథలో రెండో పక్క కూడా చెప్పాలి. 2014లో దాదాపు 27 కిలోమీటర్లు వెళ్లిన మనిషి, మూడేళ్ల తరువాత 22న్నర దగ్గర ఆగారు. నాలుగు కిలోమీటర్లకు పైగా తగ్గింది. సాధన వయసును కొంతకాలం నిలబెట్టిందిగాని, కట్టిపడెయ్యలేదు. పెరిగిందీ నిజమే, తగ్గిందీ నిజమే. పడుచువారి లెక్క వేరే ఉంది. ఇటలీకి చెందిన ఫిలిప్పో గన్నా 2022లో గంటకు 56 కిలోమీటర్ల 792 మీటర్లు వెళ్లారు. తాను చాంపియన్‌నని చూపడానికి రాలేదని, నూట అయిదేళ్ల వయసులోనూ సైకిలు తొక్కవచ్చని చూపడానికే వచ్చానని మార్షాన్ చెప్పుకున్నారు.

106 ఏళ్లు నిండాక, 2018 ఆరంభంలో, ఇక రికార్డుల జోలికి పోవద్దని వైద్యులు సలహా ఇచ్చారు. ఆయన ఆ మాట విన్నారు. 2021 మే 22న తన 109 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఫ్రాన్సులోని ఆర్దెష్ కొండల్లో ఒక కనుమదారికి ఆయన బతికుండగానే, 2011లో, ఆయన పేరు పెట్టారు.

మన పెద్దలు ఇది చదివి రేపటి నుంచే పందెం వేసుకోవాలని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. గుండెజబ్బు, రక్తపోటు, చక్కెర వ్యాధి ఉన్నవారు డాక్టరుకు చూపించుకోకుండా కొత్త శ్రమ నెత్తిన వేసుకోరాదు. తొక్కుతుండగా గుండెలో పట్టినట్లున్నా, కళ్లు తిరిగినా, మామూలుకు మించి ఆయాసం వచ్చినా వెంటనే దిగి ఆసుపత్రికి పోవాలి. లారీలు తిరిగే పెద్ద రోడ్డు కంటే డొంకదారి మేలు.

సైకిలు షాపు దగ్గర

ఈ వ్యాసం రాయకముందు ఈ సంగతులు మా ఊరి సైకిలు షాపు దగ్గర చెప్పాను. డెబ్బై దాటిన పెద్దాయన ఒకరు బల్ల మీద కూర్చుని వింటున్నారు. కొడుకు మోటారు సైకిలు కొన్న దగ్గర్నుంచి ఆయన సైకిలు వసారాలో దుమ్ముకొట్టుకుపోతోంది. ఈ వయసులో సైకిలేమిటి, పడితే నడుం విరుగుతుందని ఇంట్లో వద్దన్నారు. ఆయన కూడా సరేనన్నారు. ఇప్పుడు పొలానికి పోవాలంటే కొడుకు తీరిక కోసం కనిపెట్టుకుని ఉండాలి. అందుకని పోవడమే తగ్గించారు.

"అయిదు వేల కిలోమీటర్లంటే రోజుకి ఎంతరా అబ్బాయ్?" అని అడిగారు.

"పద్నాలుగు కూడా కాదు పెదనాన్నా" అన్నాను లెక్కవేసి.

ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "మన పొలానికి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పోయివస్తే అంతే గదా. ముప్పై ఏళ్లు పోయాను" అన్నారు.

షాపువాడు నవ్వి, "తెస్తే ట్యూబులు మార్చి ఇస్తా బాబాయ్. బ్రేకులు మాత్రం నేను తీసెయ్యను" అన్నాడు.

మరునాడు పొద్దున్నే ఆ పాత సైకిలు షాపు గోడకు ఆనించి ఉంది. ముందు డాక్టరు దగ్గరికి వెళ్లి రక్తపోటు చూపించుకున్నాకే ఎక్కుతానని ఇంట్లో మాట ఇచ్చారట.